తోడు పెట్టిన వంతెనలు

కిందటి వారం చిట్టిని పాత వంతెన చివర, తలుపు తెరిచిన ఇనప డబ్బా ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. వారమంతా ఎండలోనే ఉండిపోయిందని కంగారుపడకండి. మనకి వారమైతే ఆవిడకి గంట. ఆ డబ్బాలో ఉండాల్సింది బండ్లు లెక్కపెట్టే మిషను. ఉన్నది చీమల పుట్ట. రోడ్డు తారులోంచి డబ్బాలోకి రావాల్సిన తీగ ఎప్పుడో తెగి, చచ్చిన బల్లి తోకలా వేలాడుతోంది. చీమలు మాత్రం ఒకదాని వెనక ఒకటి, హారన్ కొట్టకుండా, సందుల్లోంచి దూరకుండా, ఎదురొచ్చినదాన్ని పలకరించి మరీ దారిస్తూ సాగిపోతున్నాయి. ఆ వంతెన మీద పద్ధతిగా నడుస్తున్న ట్రాఫిక్ అదొక్కటే.

చీమల సంగతి సరే. మిషను చచ్చి ఏళ్లు గడిచాక, ఈ వంతెన మీద పోయే బండ్ల లెక్కని నెలనెలా ఆఫీసుకి ఎవరు పంపుతున్నట్టు?

ఆ ప్రశ్నని బుర్రలోనూ, బెత్తెడు తెగిన తీగని చేతిసంచీలోనూ వేసుకుని చిట్టి ఆఫీసుకి తిరిగొచ్చింది.

ఈ వారమే మన బండెక్కినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈవిడ ఇంట్లో చిట్టి, ప్రాంతీయ రవాణా ఆఫీసులో చిట్టా. ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు పోతున్నాయో రోడ్డు పక్క డబ్బాలు లెక్కపెట్టి పంపితే, ఆ అంకెల్ని బియ్యంలో రాళ్లేరినట్టు ఏరి మోడల్ గదికి పంపడం ఆవిడ పని. మోడల్ గదికి పెద్ద ఎవరంటే ఆవిడ బావ, అంటే అక్క మొగుడు. మోడల్ అనగానే నడుం మీద చెయ్యేసుకుని నడిచేవాళ్లు గుర్తొస్తే అది మీ తప్పు కాదు గానీ, బావకి చెయ్యేసుకోవడానికి నడుమెక్కడుందో ముందు సర్వే చేయించాలి. ఈ మోడల్ వేరు. కంప్యూటర్ లోపల ఉత్తుత్తి ఊళ్లు కట్టి, ఉత్తుత్తి బండ్లు తోలి, రేపు ఏ రోడ్డు మూస్తే ఏ రోడ్డు మూలుగుతుందో ఇవాళే చెప్పే విద్య.

సోమవారం మూసేది కొత్త వంతెన. మరమ్మతుకి. దాని మీద పోయే లారీలన్నీ ఏటి మీదున్న రెండో వంతెనకి, అదే మన చీమల వంతెనకి, మళ్లాలి. పాతదైనా ఖాళీగా ఉంది, మోస్తుందని మోడల్ చెప్పింది. మోడల్‌కి లెక్కలు చెప్పాయి. లెక్కలకి ఎవరు చెప్పారన్నదే ఇప్పుడు చిట్టి సంచీలో ఉన్న తీగ.

ఇక అక్క. అక్క స్కూలు బస్సు తోలుతుంది. పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని పాత వంతెన దాటుతుంది, సాయంత్రం దించడానికి మళ్లీ దాటుతుంది. ఈమధ్య భోజనాల దగ్గర ఆవిడకి ఒకటే పాట: పాత వంతెన మీద జాము, జాములో ఇరుక్కుంటే జాము గడిచినా కదలదు. నువ్వు ఒక్క బస్సు కిటికీలోంచి చూస్తున్నావు, నేను ప్రాంతమంతా చూస్తున్నానని బావ జవాబు. ప్రాంతమంతా చూసే మనిషికి పక్కనున్న పెళ్లాం కనబడదులే అని అక్క దెప్పేది. అలాంటిది ఇవాళ పొద్దున అక్క బస్సు తాళాలు వేలికి తిప్పుకుంటూ కూనిరాగం తీసింది. సోమవారం నుంచి వారం రోజులు సెలవు పెట్టు, ఎక్కడికైనా పోయొద్దామని బావ అన్నాడట. పెళ్లైన కొత్తలోనే సెలవు పెట్టని మనిషి.

ఆ మాట చిట్టి అప్పుడు నవ్వుకుని వదిలేసింది. మీరు వదిలేయకండి.

మోడల్ గది అద్దాల గది. మిషన్లు వేడెక్కకూడదని లోపల ఎప్పుడూ చలి. మిషన్లకి చల్లగా, మనుషులకి వణుకుగా ఉంటుంది. బావ మెడకి మఫ్లరు చుట్టుకుని, స్క్రీను మీద ఎర్ర గీతలూ పచ్చ గీతలూ చూసుకుంటున్నాడు. వెనక గోడ మీద ప్రాంతమంతా పరిచిన పటం. లెక్కల డబ్బా ఉన్న ప్రతిచోటా ఒక గుండుసూది. ఏటి మీద రెండు సూదులు, రెండు కళ్లలా.

చిట్టిని చూసి, ఎండకి తార్రోడ్డులా అయ్యావేం మరదలా అన్నాడు. మామూలుగా అయితే ఆవిడ దగ్గర దీనికి దీటైనది ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇవాళ తలుపు మూసి, గడియ పెట్టి, తీగముక్క తీసి కీబోర్డు మీద పెట్టింది.

"పాత వంతెన లెక్క పంపుతోంది ఎవరు బావా? నువ్వా, చీమలా?"

ఇంట్లో నువ్వు, ఆఫీసులో మీరు. అది ఆవిడ పెట్టుకున్న నియమం, ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తప్పలేదు. ఆఫీసులో నువ్వు అనిపించుకోవడం బావకి ఇదే మొదలు. తీగ కన్నా ముందు ఆయనకి ఆ మాటే గుచ్చుకుంది. చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆయన బుకాయించలేదు. తోడు పెట్టింది నేనేనన్నాడు.

ఈ తోడు సంగతి చెప్పాలి. అది ఆ ఆఫీసులో పాత అలవాటు. ఒక డబ్బా పాడైతే, బాగయ్యేదాకా లెక్కల పట్టికలో దాని గడులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ గడి చూస్తే మోడల్ మొరాయిస్తుంది. అందుకని దగ్గర్లో దానిలాగే నడిచే ఇంకో రోడ్డు లెక్క తెచ్చి, ఇది దానిలో సగమా, రెట్టింపా చూసి, ఆ ప్రకారం గుణించి నింపేస్తారు. దాన్నే తోడు పెట్టడమంటారు. తప్పేం కాదు. ఇంట్లో తోడు లేకపోతే పక్కింటి నుంచి ఒక చెంచాడు తెచ్చుకోమూ? కాకపోతే రెండు నియమాలు. తోడు పెట్టిన గడికి చుక్క గుర్తు పెట్టాలి. డబ్బా బాగుచేసి, మళ్లీ అసలు లెక్క తీయాలి. చిట్టి ఉద్యోగంలో చేరకముందు, కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారినప్పుడు, చుక్కలకి చోటు లేదని చుక్కల్ని వదిలేశారు. చుక్క పోయాక తోడుకీ పాలకీ తేడా ఎవరికి తెలుస్తుంది?

చిట్టి అదే అడిగింది. చుక్క పోతే పోయింది, డబ్బా బాగుచేయించాల్సిన బాధ్యత ఏమైందని. ఏటా అంకెకి నాలుగు శాతం కలిపి, పెరుగుదల అని పేరు పెట్టి, ఉన్న బండ్లూ లేని బండ్లూ కలేసి మోడల్‌కి తినిపించావని. తోడు పెడితే పెరుగు కావాలి బావా, ఇక్కడ గిన్నెలో పాలే లేవు, ఏటా పెరుగు మాత్రం పెరుగుతోందని. మాట మాటకీ ఆవిడ గొంతు తగ్గుతోంది. అరిచే ఆడవాళ్లతో బావకి అలవాటుంది, ఇంట్లో ఒకరున్నారు. గొంతు తగ్గించే మనిషి ముందు ఆయనకి ఎటు చూడాలో తెలియలేదు.

అంతా విని, కుర్చీ గోడవైపు తిప్పి, పటం మీద రెండో సూది చూపించాడు.

"పాత వంతెన మిషను పోయినప్పుడు కొత్త వంతెన మిషను బతికే ఉంది. బతికున్నదాన్నే తోడు పెట్టాను, సగం లెక్కన. సరే, నేను చేసింది తప్పే. ఆ తర్వాత కొత్త వంతెన మీద తారు గీకి మళ్లీ వేశారు, గుర్తుందా? ఆ గీకుడుకి దాని తీగలూ పోయాయి. మరి కొత్త వంతెనకి తోడు ఎవరు పెట్టారు చిట్టీ?"

చిట్టి పటం మీద ఆ రెండో సూదిని చూసింది.

గుర్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల. కొత్త వంతెన గడులు ఖాళీ అయ్యాయి. పక్కన ఏ లెక్కల స్టేషను ఉందా అని వెతికితే, పాత వంతెన కనబడింది. ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క రోజు తేడా లేదు. ప్రాంతం మొత్తంలో ఇంత ఆరోగ్యంగా ఉన్న స్టేషను ఇంకోటి లేదనుకుంది. దాన్నే తోడు పెట్టింది, రెట్టింపు లెక్కన. ఆ రోజు ఇదే బావ, ఇదే గదిలో, మా మరదలు వచ్చిన నెలకే పని పట్టేసిందని అందరికీ టీ తెప్పించాడు.

దీనికి సగం, దానికి రెట్టింపు. రెట్టింపులో సగం, సగంలో రెట్టింపు. పక్కింటావిడ మన దగ్గర తోడు తీసుకెళ్తుంది, మనం పక్కింటావిడ దగ్గర తెచ్చుకుంటాం, రెండిళ్లలోనూ పాలుపోసేవాడు రావడం మానేసి ఏళ్లైంది. ఎదురెదురుగా రెండు అద్దాలు పెడితే లోపల లెక్కలేనన్ని దారులు కనబడతాయి, ఒక్క దారిలోనూ ఒక్క బండీ నడవదు. రవాణా సమ్మె రోజున ప్రాంతంలో ప్రతి రోడ్డు లెక్కా సగానికి సగం పడిపోయి, ఈ రెండు వంతెనలు మాత్రం ఏమీ ఎరగనట్టు మామూలు అంకె చూపించాయి. అది చూసే కదా చిట్టి పొద్దున సంచీ తగిలించుకుని వంతెనకి బయల్దేరింది. దొంగని పట్టుకుందామని వెళ్లింది. తీరా పట్టుకున్నాక చూస్తే, దొంగకి తోడుదొంగ ఉంది. ఆవిడ పేరు చిట్టి.

ఎదురు కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు ఆవిడ అడగాల్సింది ఒక్కటే మిగిలింది. నీకెప్పుడు తెలిసిందని అడిగింది.

బావ మఫ్లరు సర్దుకున్నాడు. ఆయన చెప్పింది ఇదీ. జాము జాము అని మీ అక్క పోరు పెడుతుంటే, నోరు మూయిద్దామని పాత వంతెన అంకెలు తీసి చూశాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. అప్పటికే మళ్లింపు సంగతి పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే నా సగం ఒక్కటే బయటపడదు, నీ సగమూ పడుతుంది. ఒకే ఇంట్లోంచి రెండు ఉద్యోగాలు. మరమ్మతు అయ్యాక మెల్లిగా రోడ్డు మీద బండ్లు లెక్కపెట్టే రబ్బరు గొట్టాలు పరిచి, వారం రోజులు అసలు లెక్క తీసి సరిచేద్దామనుకున్నాను. పాతకాలం కట్టడం, గట్టిది, ఈ కొన్నాళ్లకి ఏమీ కాదు.

"నిన్ను కాపాడదామనే చిట్టీ."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆవిడని భయపెట్టింది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, సరే అనేయాలనిపించింది కూడా. వంతెనలు ఊరికే కూలతాయా? ఏళ్ల తరబడి నిలబడినది ఇంకొన్ని నెలలు నిలబడదా? ఎవరికి తెలుస్తుంది? లేచి తన గదికి వెళ్లి, అంకెలు ఏరుకుంటూ కూర్చుంటే, సాయంత్రం ముగ్గురూ కలిసి భోంచేయొచ్చు. అక్క ఊరికి వెళ్లడానికి సంచులు సర్దుకోవచ్చు.

సంచులు.

చిట్టి తలెత్తింది. కూనిరాగం, వేలికి తిరుగుతున్న తాళాలు, పెళ్లైన కొత్తలోనే సెలవు పెట్టని మనిషి.

"ఏమీ కాదన్నావు కదా బావా. మరి సోమవారం నుంచి అక్క చేత సెలవెందుకు పెట్టించావు?"

బావ స్క్రీను వైపు చూశాడు. అందులో ఉత్తుత్తి లారీలు ఉత్తుత్తి వంతెన మీద పచ్చగీతలా హాయిగా సాగిపోతున్నాయి.

"పెళ్లానికి సెలవిప్పించావు. బాగుంది. బస్సుకి ఎవరిస్తారు సెలవు? సోమవారం ఇంకో డ్రైవరు తోలతాడు. వెనక కూర్చునేది ఆ పిల్లలే."

ఆయన మఫ్లరు విప్పి మడతపెట్టి సొరుగులో పెట్టాడు. ఏళ్ల తరబడి ఆ గదిలో ఆ మెడని బయట చూసినవాళ్లు లేరు. వేరెవరిదో మెడలా, పీలగా, కాస్త వంగి ఉంది. లేచి నిలబడ్డాడు. సగం నాది, సగం నీది అని పంచుకుంటూ కూర్చుంటే వంతెన ఆగదు, ముందు మళ్లింపు ఉత్తర్వు ఆపుదాం పద అన్నాడు. ఆఫీసు పెద్దసారు ముందు ఎవరు ఏం చెప్పాలో వరండాలో నడుస్తూనే అనుకున్నారు. మొదలు నేను పెట్టాను కాబట్టి మొదట నేనే చెప్తానన్నాడు బావ. చిట్టి వద్దనలేదు. నువ్వు చెప్పడం ఆపిన చోట నేను మొదలుపెడతానంది. ఆవిడకి అదొక్కటే కాస్త ఊరట. సాయంత్రం మీటింగులో పెద్దసారు సంతకం పెట్టాలి, ఇంకా టైముంది.

పెద్దసారు గది తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. ఫ్యాను మాత్రం ఎవరి కోసమో తిరుగుతోంది.

బయట బల్ల దగ్గర కూర్చునే పీఏ ఆవిడ, కళ్లజోడు మీదుగా ఇద్దర్నీ చూసి, అభినందనలు చెప్పింది. ఎందుకంటే, మరమ్మతు కంపెనీవాళ్ల యంత్రాలు అనుకున్నదానికన్నా ముందే వచ్చేశాయట. ఊరికే నిలబెట్టడం దేనికి, మోడల్ ఎటూ సై అంది కదా, సోమవారమైతేనేం ఇవాళైతేనేం అని పెద్దసారు పొద్దున్నే సంతకం పెట్టేశాడట. గంట కిందటే కొత్త వంతెన మూసేశారట. ఆయన అక్కడికే చూడ్డానికి వెళ్లాడట, వెళ్తూ వెళ్తూ మోడల్ గదివాళ్లకి నా తరఫున మంచిమాట చెప్పమన్నాడట.

సరాసరి లెక్క సరాసరి రోడ్డెక్కేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ గోడ గడియారం వైపు చూశారు. స్కూలు వదిలే వేళ దాటిపోయింది.

పెద్దసారుకి ఫోను చేయమని బావ పీఏ ఆవిడకి చెప్తున్నాడు. మాట మధ్యలో చిట్టి సంచీలో ఫోను మోగింది.

అక్క.

మీ బావ ఫోను ఎత్తడంలేదు, సొరుగులో పడేసుంటాడు అని మొదలుపెట్టింది. గొంతు మామూలుగానే ఉంది. వెనక పిల్లలు ఏదో పాట అందుకుని, ఎవరికి తోచిన చరణం వాళ్లు పాడుతున్నారు. బస్సు పాత వంతెన నడిమధ్య ఆగిపోయిందట. ఇంజను ఆపేసి కూర్చుందట. ముందు లారీలు, వెనక లారీలు, పక్కన లారీలు, ఇవన్నీ ఇవాళే ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో తెలీదట. మీ బావ చెప్పిన ఖాళీ వంతెన మీద ఆ ఖాళీ ఏ మూలనుందో కనుక్కుని చెప్పు, అందులో నా బస్సు పెట్టుకుంటానంది.

తోడు పెట్టినవాడు పక్కనున్నాడు. తోడబుట్టింది వంతెన మీదుంది. చిట్టి ఫోను బావ చేతికిచ్చింది.

బావ, పిల్లల్ని దించి నడిపించుకుంటూ వచ్చెయ్యి అన్నాడు. అక్కకి ఆ మాట వింతగా తోచినట్టుంది. ఎక్కడ దించను, కాలిబాట మీద కూడా స్కూటర్లెక్కాయి, తలుపు తెరిచే సందు లేదు, అసలేమైంది మీకు అంది. ఆయన పీఏ ఆవిడ బల్ల మీద పెన్సిలు తీసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ వంతెన గురించి ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు.

"నీకు కనబడేంత మేర లారీలెన్ని ఉన్నాయి? ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పు."

అక్క నవ్వింది. ప్రాంతమంతా చూసే మనిషికి నా కిటికీ కావాల్సొచ్చిందా అంది. అన్నా, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముందున్నది ఇసుక లారీ. దాని ముందు ఇనుము వేసుకున్నది. దాని ముందు రెండు ట్యాంకర్లు. పెన్సిలు కాగితం మీద గీతలు గీస్తోంది. గీత పక్కన గీత, ఆ గీతల పక్కన ఇంకో గీత. చిట్టి వాటిని చూస్తోంది. ఎవరూ తోడు పెట్టని లెక్క, పాత వంతెన మీద ఇన్నాళ్లకి ఇదే మొదటిది.

గీత మధ్యలో పెన్సిలు ఆగింది. ఫోనులో అక్క ఆగిపోయింది. పిల్లల పాట కూడా ఒక్కో గొంతే తగ్గుతూ ఆగిపోయింది.

"ఏమండీ," అంది అక్క, మెల్లిగా. "ఇంజను ఆపేశాను. కాలు బ్రేకు మీదే ఉంది. బస్సు మాత్రం ఊగుతోంది."